మార్చి నెల గరిష్ఠ డిమాండ్: మేళ్లచెరువు పరిసరాల్లో యాసంగి సాగు, విద్యుత్తు, గ్యాస్ మార్కెట్లు

వేసవిలో విద్యుత్తు వినియోగం పెరుగుతుందన్నది అందరూ ఎరిగిన విషయమే. అయితే పెరిగేది ఎవరి వినియోగం, ఏ నెలలో పెరుగుతుంది అన్న ప్రశ్నలకు సమాధానం ప్రాంతాన్ని బట్టి మారుతుంది. దేశం మొత్తం మీద గరిష్ఠ డిమాండ్ 2024 మే 30న రెండున్నర లక్షల మెగావాట్లకు చేరింది. అది ఉత్తర భారతం ఎండలో మాడిపోయిన వారం. తెలంగాణలో మాత్రం ఆ సంవత్సరపు గరిష్ఠం, 15,623 మెగావాట్లు, అంతకు దాదాపు మూడు నెలల ముందే మార్చి 8న నమోదైంది. అంతకు ముందటి సంవత్సరం 15,497 మెగావాట్లు మార్చి 30న, తరువాతి సంవత్సరం 17,162 మెగావాట్లు మార్చి 20న నమోదయ్యాయి. ఇది కొత్తగా వచ్చిన మార్పు కూడా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గరిష్ఠమైన 13,162 మెగావాట్లు 2014 మార్చి 23 నాటిది. ఆ అంకెను తెలంగాణ ఒక్కటే దాటినది 2020 ఫిబ్రవరి 28న.

2024 మార్చి 8 మహాశివరాత్రి. మేళ్లచెరువు శంభులింగేశ్వరస్వామి జాతర జరిగే రోజు. కార్యాలయాలు, విద్యాసంస్థలు మూసి ఉన్న సెలవు దినాన రాష్ట్ర గరిష్ఠం నమోదు కావడాన్ని శీతలీకరణ యంత్రాలతో మాత్రమే వివరించడం కష్టం. ఆ వారంలో యాసంగి వరి చాలాచోట్ల పొట్ట దశలోనో, ఈనిక దశలోనో ఉంటుంది. పొలంలో నీరు తగ్గనివ్వకూడని కాలమది. హైదరాబాదు నగర వినియోగం ఏటేటా పెరుగుతున్న మాట నిజమే అయినా, ఏప్రిల్, మే నెలల్లో ఎండలు ముదిరినప్పుడు కాక మార్చిలోనే గరిష్ఠం రావడానికి ప్రధాన కారణం బోరుబావి. రాష్ట్ర విద్యుత్తు వినియోగంలో సుమారు మూడో వంతు వ్యవసాయానిదే.

కనుక దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో వేసవి విద్యుత్తు సమస్యను అర్థం చేసుకోవాలంటే ఏప్రిల్ ఉష్ణోగ్రతలకంటే ముందు గత ఆగస్టులో కృష్ణా నదికి వచ్చిన ప్రవాహాన్ని, డిసెంబరులో రైతు తీసుకున్న పంట నిర్ణయాన్ని చూడాలి. ఈ వ్యాసంలో ఆ క్రమాన్ని బోరుబావి నుంచి విద్యుత్ ఎక్స్ఛేంజీ వరకు, అక్కడి నుంచి గ్యాస్ ధర వరకు పరిశీలించడం జరిగింది.

మేళ్లచెరువు ప్రాంత స్వరూపం

2016 అక్టోబరు వరకు నల్లగొండ జిల్లాలోను, ఆ తరువాత సూర్యాపేట జిల్లాలోను ఉన్న మేళ్లచెరువు కృష్ణానది ఎడమ ఒడ్డుకు చేరువలో, సున్నపురాయి పొరల మీద ఉన్న మండలం. ఒకవైపు నాగార్జునసాగర్ ఎడమ కాలువ వ్యవస్థ, మరొకవైపు నది నుంచి ఎత్తిపోతలు, వీటి నీరందని చోట బోర్లు ఉన్నాయి. వరి, మిరప, పత్తి ప్రధాన పంటలు. సున్నపురాయి కారణంగానే ఇక్కడ సిమెంటు కర్మాగారాలు వెలిశాయి. పూర్వం ఈ మండలంలోనే ఉండి, పునర్విభజనలో చింతలపాలెం మండలంలోకి వెళ్లిన భాగంలో పులిచింతల ఎడమ గట్టు జలవిద్యుత్ కేంద్రం ఉంది. దాని సామర్థ్యం 30 మెగావాట్ల చొప్పున నాలుగు యూనిట్లు, మొత్తం 120 మెగావాట్లు. విద్యుత్తును ఉత్పత్తి చేసే నది, దానిని వాడుకునే బోరు, పెద్ద మొత్తంలో కొనే కర్మాగారం ఒకేచోట ఉండడం వల్ల ఈ అధ్యయనానికి ఈ ప్రాంతం అనువైనది.

సున్నపురాయి నేలల్లో భూగర్భజలం రాతి పగుళ్లలోను, కరిగిన సందుల్లోను నిలుస్తుంది. ఒక బోరు పుష్కలంగా పోస్తున్నా వంద గజాల దూరంలోని మరో బోరు పొడిగా ఉండవచ్చు. మహబూబ్‌నగర్ వైపు గ్రానైటు నేలలు, చల్కా భూముల్లో పరిస్థితి మరింత కఠినం. కాలువ ఊట లేనందున అక్కడ బోర్ల లోతు ఎక్కువ, నీటి నిల్వ తక్కువ.

ఎకరానికి ఎన్ని యూనిట్లు?

ఒక ఘనపు మీటరు నీటిని ఒక మీటరు ఎత్తుకు లేపడానికి సిద్ధాంతరీత్యా యూనిట్‌లో 367వ వంతు విద్యుత్తు సరిపోతుంది. యాసంగి వరికి దమ్ము మొదలు చివరి తడి వరకు 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టామనుకుందాం. ఎకరం అంటే 4,047 చదరపు మీటర్లు కనుక అది సుమారు 4,856 ఘనపు మీటర్లు. నీటిని 30 మీటర్ల లోతు నుంచి, మోటారు, పంపు కలిపి 40 శాతం సామర్థ్యంతో తోడితే ఎకరానికి సుమారు 990 యూనిట్లు ఖర్చవుతాయి. నీటిమట్టం 45 మీటర్లకు పడిపోతే అదే ఎకరానికి, అదే పంటకు సుమారు 1,490 యూనిట్లు కావాలి. రైతు చేసిన పనిలో మార్పేమీ లేదు. భూగర్భజలం పదిహేను మీటర్లు కుంగింది, అంతే. పొలాల్లో నడుస్తున్న మోటార్లలో చాలావాటి సామర్థ్యం 40 శాతం కంటే తక్కువేనని, వాస్తవ వినియోగం ఈ లెక్కకంటే ఎక్కువగా ఉంటుందని గుర్తుంచుకోవాలి.

ఇక్కడ యూనిట్లకు, మెగావాట్లకు ఉన్న సంబంధాన్ని విద్యార్థులు ప్రత్యేకంగా గమనించాలి. నడుస్తున్నంతసేపు సుమారు నాలుగున్నర కిలోవాట్లు తీసుకునే ఐదు అశ్వశక్తుల మోటారు 30 మీటర్ల లోతు నుంచి గంటకు 22 ఘనపు మీటర్ల నీరు పోస్తే, 45 మీటర్ల నుంచి సుమారు 15 మాత్రమే పోయగలదు. అంటే ఎకరానికి సీజను మొత్తంలో 220 గంటలు నడవవలసిన మోటారు 330 గంటలు నడవాలి. మోటార్లు నడిచే గంటలు పెరిగేకొద్దీ అవన్నీ ఒకే సమయంలో నడిచే సంభావ్యత పెరుగుతుంది. లక్ష మోటార్లు ఏకకాలంలో నడిస్తే గ్రిడ్‌పై పడే భారం సుమారు 450 మెగావాట్లు. పులిచింతల ఎడమ గట్టు కేంద్రం పూర్తి సామర్థ్యంతో నడిచినా అందులో నాలుగో వంతు మాత్రమే ఇవ్వగలదు. భూగర్భజలం కుంగడం ముందు యూనిట్లలోను, ఆ వెంటనే మెగావాట్లలోను కనబడుతుంది. విద్యుత్ మార్కెట్‌ను కలవరపెట్టేది ఈ రెండోదే.

ఉష్ణోగ్రత ప్రభావం దీనికి అదనం. ఎండ, పొడిగాలి వల్ల పైరు నుంచి, నేల నుంచి ఆవిరయ్యే నీరు రోజుకు ఒక్క మిల్లీమీటరు పెరిగినా ఎకరానికి నాలుగు వేల లీటర్లు అదనంగా కావాలి. లక్ష ఎకరాలకు, పై లెక్క ప్రకారమే, రోజుకు దాదాపు 83 వేల యూనిట్లు అవుతుంది. ఇది పెద్ద అంకె కాదు. వేసవి వేడి బోరు భారాన్ని పెంచే మాట వాస్తవమే గాని, నీటిమట్టం కుంగుదలతో పోలిస్తే ఆ పెరుగుదల స్వల్పమని ఈ లెక్కలు సూచిస్తున్నాయి.

ఆరుతడి పంటల లెక్క దీనికి పూర్తిగా భిన్నం. 500 మిల్లీమీటర్ల నీటితో పండే వేరుశనగ లేదా మొక్కజొన్నకు 30 మీటర్ల లోతు నుంచి ఎకరానికి సుమారు 410 యూనిట్లు, 250 మిల్లీమీటర్లతో సరిపెట్టుకునే నువ్వు పంటకు దాదాపు 210 యూనిట్లు చాలు.

మంచి ఏడాది, చెడ్డ ఏడాది

నీరు తగ్గిన సంవత్సరంలో విద్యుత్తు డిమాండ్ పెరుగుతుందనీ, నీరు పుష్కలంగా ఉన్న సంవత్సరంలో తగ్గుతుందనీ అనుకోవడం సహజం. అనుభవం అలా లేదు. 2023 ఆగస్టు దేశవ్యాప్తంగా 1901 తరువాత అత్యల్ప వర్షపాతం నమోదైన ఆగస్టు. కృష్ణకు ప్రవాహాలు రాలేదు. 2023-24 యాసంగికి సాగర్ ఎడమ కాలువ ఆయకట్టుకు నీరివ్వలేదు. 2024 వేసవి నాటికి జలాశయ మట్టం కనీస వినియోగ మట్టమైన 510 అడుగుల దరిదాపులకు పడిపోయింది. అయినా 2024 మార్చిలో గరిష్ఠం అంతకు ముందటి సంవత్సరాన్ని దాటింది. 2024 ఆగస్టులో సాగర్ నిండి గేట్లు ఎత్తారు. ఆ తరువాతి మార్చిలో గరిష్ఠం మరో పదిహేను వందల మెగావాట్లు పెరిగింది.

రెండింటికీ కారణాలు వేరు. మంచి వానలు పడిన ఏడాది బోర్లలో నీరు చేరి, వరి ఎకరాలు పెరుగుతాయి. వానలు లేని ఏడాది ఎకరాలు కొంత తగ్గినా ఎకరానికి పట్టే యూనిట్లు పెరుగుతాయి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత సరఫరా అమలులోకి వచ్చిన తరువాత డిమాండ్‌ను అడ్డుకునేది బోరులో నీరు ఇంకిపోవడం ఒక్కటే. కాబట్టి మంచి ఏడాదికీ చెడ్డ ఏడాదికీ మధ్య అసలైన వ్యత్యాసం డిమాండ్‌లో కాక సరఫరాలో కనబడుతుంది.

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్ కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు, శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రానిది 900 మెగావాట్లు. మహబూబ్‌నగర్ వైపు జూరాల 234, దిగువ జూరాల 240 మెగావాట్లు. జలవిద్యుత్తుకు ఇంధన వ్యయం లేదు. అంతకంటే ముఖ్యంగా కొద్ది నిమిషాల్లోనే ఉత్పత్తిని పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఉదయం మోటార్లు ఒక్కసారిగా నడిచే గంటలకు ఇంతకంటే అనువైన వనరు లేదు. సుమారు వంద మీటర్ల ఎత్తు నుంచి ఒక టీఎంసీ నీరు సాగర్ ప్రధాన కేంద్రం గుండా దిగితే దాదాపు 70 లక్షల యూనిట్లు ఉత్పత్తి అవుతాయి. మరోవైపు, కాలువ ద్వారా పొలానికి చేరే ఒక టీఎంసీ, మార్గ నష్టాలు లెక్కించకపోతే, సుమారు 5,800 ఎకరాల యాసంగి వరిని తడుపుతుంది. ఆ ఎకరాలన్నీ 30 మీటర్ల బోర్లకు మారితే దాదాపు 58 లక్షల యూనిట్లు అదనంగా కావాలి. నదిలోకి వదిలే నీరు, కాలువకు వదిలే నీరు ఒకటి కావు కనుక ఈ రెండు అంకెలనూ నేరుగా కలపరాదు. కాలువ కింది రైతులందరికీ బోర్లు ఉండవు గనుక అందరూ మారరు, చాలామంది బీడు పెట్టుకుంటారు. అయినా ఒకే కరవు ఒకవైపు ఉత్పత్తిని తగ్గించి, మరొకవైపు వినియోగాన్ని పెంచుతుందన్న సంగతి ఈ అంకెలతో స్పష్టమవుతుంది. మార్కెట్లో కొనుగోలుదారుకు ఇంతకంటే ప్రతికూలమైన కలయిక ఉండదు.

మార్చిలో ఇతర వనరుల స్థితి కూడా చెప్పుకోదగినది. పవన విద్యుత్తు నైరుతి రుతుపవనాలతో జూన్ తరువాత పుంజుకుంటుంది, మార్చిలో బలహీనం. సౌర విద్యుత్తుకు మార్చి మంచి నెల, కాని అది పగటికే పరిమితం. ఎండలు ముదిరాక పలకలు వేడెక్కి వాటి సామర్థ్యం కొంత తగ్గుతుంది. నల్లగొండ జిల్లా దామరచర్ల మండలం వీర్లపాలెంలో 800 మెగావాట్ల చొప్పున ఐదు యూనిట్లతో చేపట్టిన యాదాద్రి థర్మల్ కేంద్రం రాష్ట్ర బొగ్గు ఆధారిత సరఫరాను గణనీయంగా పెంచే ప్రాజెక్టు. అయితే బొగ్గు కేంద్రం నిలకడగా నడపడానికి ఉద్దేశించినది. గంట గంటకూ మారే మోటార్ల భారాన్ని అనుసరించడం దానికి సులభం కాదు.

మరుసటి రోజు విద్యుత్తుకు ధర కట్టే విధానం

దేశంలో వాడే విద్యుత్తులో అధిక భాగం దీర్ఘకాలిక ఒప్పందాల ద్వారానే అందుతుంది. ఆ ఒప్పందాలకు మించి కావలసిన కొద్ది భాగాన్ని డిస్కమ్‌లు ఎక్స్ఛేంజీల్లో కొంటాయి. 2008 జూన్‌లో ప్రారంభమైన ఇండియన్ ఎనర్జీ ఎక్స్ఛేంజ్ వీటిలో పెద్దది. మరుసటి రోజును పదిహేను నిమిషాల చొప్పున 96 భాగాలు చేసి, ఒక్కొక్క భాగానికి కొనేవారు, అమ్మేవారు వేసిన బిడ్ల ఆధారంగా ధర నిర్ణయిస్తారు. అమ్మకానికి వచ్చిన వాటిలో చవకైన విద్యుత్తు ముందుగా, ఖరీదైనది ఆ తరువాత అమ్ముడుపోతుంది. ఆఖరున అమ్ముడైన యూనిట్ ధరే ఆ పదిహేను నిమిషాలకు అందరి ధర అవుతుంది. అందువల్ల కొనుగోలు కొద్దిగా పెరిగినా, ఆ కొద్ది భాగం ఖరీదైన కేంద్రం నుంచి రావలసి వస్తే, మొత్తం ధర ఎగబాకుతుంది.

దక్షిణ గ్రిడ్ 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపూర్ 765 కిలోవోల్టుల లైనుతో జాతీయ గ్రిడ్‌కు అనుసంధానమయ్యేవరకు ఉత్తరాన విద్యుత్తు చవకగా ఉన్నా దక్షిణానికి తెచ్చుకునే దారి ఇరుకుగా ఉండేది. నేడు తెలంగాణ మార్చి భారాన్ని తీర్చడంలో ఈ అనుసంధానానిదే పెద్ద పాత్ర. పంజాబు వరినాట్ల కాలం జూన్, జూలై. మన యాసంగి గరిష్ఠం మార్చి. అవసరాలు వేర్వేరు నెలల్లో వచ్చే రాష్ట్రాలు డబ్బుతో నిమిత్తం లేకుండా విద్యుత్తును ఇచ్చిపుచ్చుకునే పద్ధతిని బ్యాంకింగ్ అంటారు. పొలం పనుల్లో చేబదులు వంటిదే ఇది. వాతావరణం తారుమారైతే ఈ లెక్కా తప్పుతుంది. 2022లో ఉత్తర భారతానికి వేడి ముందే వచ్చింది. 1901 తరువాత దేశంలో అత్యంత వేడి మార్చి అది. మన యాసంగి భారం, ఉత్తరాది శీతలీకరణ భారం ఒకే నెలలో ఎదురుపడ్డాయి. థర్మల్ కేంద్రాల్లో బొగ్గు నిల్వలు తగ్గాయి. ఆ సంవత్సరం ఏప్రిల్‌లో మరుసటి రోజు మార్కెట్ సగటు ధర యూనిట్‌కు 10 రూపాయలు దాటింది. అప్పటివరకు 20 రూపాయల వరకు పోగలిగిన ధరకు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2022 ఏప్రిల్‌లో 12 రూపాయల పరిమితి విధించి, 2023 ఏప్రిల్‌లో దానిని 10 రూపాయలకు తగ్గించింది. ఖరీదైన గ్యాస్, దిగుమతి బొగ్గు కేంద్రాల కోసం 2023 మార్చిలో అధిక ధరల మార్కెట్‌ను వేరుగా ప్రారంభించారు.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ 2025 మే. వేసవి వానలు పడ్డాయి, రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి. అంతకు ముందటి మేలో 5 రూపాయల 30 పైసలున్న సగటు ధర 4 రూపాయల 12 పైసలకు దిగింది. సౌర విద్యుత్తు పుష్కలమై, ఒక ఆదివారం పగటి వేళ ధర దాదాపు సున్నాకు చేరింది. అదే నెలలో సూర్యాస్తమయం తరువాత ధరలు మళ్లీ పైకి పోతూనే ఉన్నాయి. ఒకే రోజులో పగటి యూనిట్‌కు, సాయంత్రపు యూనిట్‌కు మధ్య ఇంత అంతరం పదేళ్ల క్రితం లేదు. రైతు మోటారు ఏ గంటలో నడుస్తుందన్న విషయానికి దీనితో కొత్త ప్రాధాన్యం వచ్చింది.

మార్చి నెలలో కురిసే అకాల వర్షం మరో చిక్కు. డిస్కమ్ ముందురోజు కొనుగోలు చేసి ఉంటుంది. సాయంత్రం నల్లగొండ, సూర్యాపేటల్లో వాన పడితే మోటార్లు ఆగిపోతాయి. కొన్న విద్యుత్తును 2020 జూన్ నుంచి అమలులో ఉన్న తక్షణ మార్కెట్లో, అప్పటికి వచ్చే ధరకు వదులుకోవాలి. అంచనాకు, వాస్తవానికి మధ్య తేడా ఎంత పెద్దదైతే నష్టం అంత ఎక్కువ.

ఈ ధరల ఒడిదుడుకులు మేళ్లచెరువు సిమెంటు కర్మాగారానికీ, పక్క పొలంలోని రైతుకూ ఒకే తీరున చేరవు. ఒక మెగావాటుకు మించిన వినియోగదారుకు బహిరంగ ప్రవేశ హక్కు ఉంది. ఎక్స్ఛేంజీలో చవకగా ఉన్నప్పుడు అక్కడ కొని, ధర పెరిగినప్పుడు డిస్కమ్ సరఫరాకు మరలే వెసులుబాటు అటువంటి కర్మాగారాలకు ఉంటుంది. డిస్కమ్‌కు కొనుగోలు భారం అత్యధికంగా ఉన్న రోజుల్లోనే ఆ అదనపు భారమూ వచ్చి పడుతుంది. రైతుకు ధర సున్నా. వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు లేనందున వినియోగాన్ని నమూనా ట్రాన్స్‌ఫార్మర్ల మీటర్ల నుంచి అంచనా కడతారు. అధిక ధరకు కొన్న యూనిట్ భారం చివరకు రాష్ట్ర ప్రభుత్వ సబ్సిడీలోనో, ఇతర వినియోగదారుల చార్జీలలోనో, డిస్కమ్ అప్పులలోనో తేలుతుంది.

గ్యాస్ ఎందుకు ఆదుకోలేకపోయింది?

జలవిద్యుత్తు తరువాత త్వరగా అందుకునే వనరు గ్యాస్ కేంద్రం. ఉమ్మడి రాష్ట్రం గోదావరి డెల్టాలో గ్యాస్ ఉన్నదన్న భరోసాతో జేగురుపాడు, కొండపల్లి, కాకినాడ, వేమగిరి, సామర్లకోట, పెద్దాపురం వంటి చోట్ల కేంద్రాలను ఒప్పందాలతో ప్రోత్సహించింది. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని డి6 క్షేత్రం 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి ప్రారంభించి, 2010లో రోజుకు ఆరు కోట్ల ఘనపు మీటర్లు దాటింది. ఆ వెంటనే వేగంగా పడిపోయింది. కేటాయింపుల్లో ఎరువుల కర్మాగారాలకు ప్రాధాన్యం ఉండడం వల్ల కోత ముందుగా విద్యుత్ కేంద్రాలపై పడి, 2013 మార్చి నాటికి వాటికి డి6 గ్యాస్ పూర్తిగా నిలిచిపోయింది. రోజుకు పది లక్షల ఘనపు మీటర్ల గ్యాస్ సుమారు 200 మెగావాట్లను నడపగలదు. ఈ లెక్కతో ఆ కోత ఎంతటిదో ఊహించవచ్చు.

2012లో కృష్ణకూ ప్రవాహాలు సరిగా రాలేదు. జలాశయాలు, గ్యాస్ రెండూ ఒకేసారి చేయిచ్చిన సంవత్సరమది. పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పల్లెల్లో గంటల కొద్దీ కోతలు, పొలాలకు రాత్రివేళ విడతల సరఫరా ఆనాటి రైతులకు బాగా గుర్తున్న విషయాలు. ఎప్పుడు వస్తుందో తెలియని కరెంటు కోసం మోటార్లకు ఆటోస్టార్టర్లు బిగించుకోవడం ఆ కాలపు అలవాటు. 24 గంటల సరఫరా వచ్చాక వాటిని తొలగించుకోవలసిందిగా ప్రభుత్వమే ప్రచారం చేయవలసి వచ్చింది.

దేశీయ గ్యాస్ లేనప్పుడు దిగుమతి చేసుకున్న ద్రవీకృత సహజవాయువు వాడవచ్చు కదా అన్న ప్రశ్నకు చిన్న లెక్క సమాధానమిస్తుంది. గ్యాస్ ధరను ఎంఎంబీటీయూ అనే కొలమానంలో చెబుతారు. ఆధునిక సంయుక్త చక్ర కేంద్రంలో ఒక ఎంఎంబీటీయూ సుమారు 136 యూనిట్లు ఇస్తుంది. గ్యాస్ 12 డాలర్లు, డాలరు 85 రూపాయలు అనుకుంటే యూనిట్‌కు ఇంధన వ్యయమే ఏడున్నర రూపాయలు. తిరిగి వాయువుగా మార్చే ఖర్చు, గొట్టపు మార్గపు రుసుము, పన్నులు దీనికి అదనం. గ్యాస్ ధర 16 డాలర్లకు చేరితే ఇంధన వ్యయం ఒక్కటే పది రూపాయల పరిమితిని తాకుతుంది. అప్పుడు సాధారణ మార్కెట్లో ఆ కేంద్రానికి చోటు ఉండదు. 2022 ఫిబ్రవరిలో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆసియా ధర ఒక దశలో 50 డాలర్లు కూడా దాటింది. రష్యా గ్యాస్ తగ్గడంతో యూరప్ దేశాలు ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు తమ నిల్వలను నింపుకోవడానికి ఓడల గ్యాస్‌కు పోటీపడ్డాయి. మన మార్చి శీతలదేశాల చలికాలపు చివరి నెల. అక్కడ చలి ఎంత గ్యాస్‌ను మింగింది, ఎంత మిగిల్చింది అన్నదానిపై మనకు దొరికే ధర ఆధారపడుతుంది.

దేశీయ గ్యాస్‌కు 2023 ఏప్రిల్‌లో ముడిచమురు ధరలో పది శాతం అనే సూత్రాన్ని, 4 నుంచి ఆరున్నర డాలర్ల హద్దులతో ప్రవేశపెట్టారు. ఆరున్నర డాలర్లకు యూనిట్ ఇంధన వ్యయం నాలుగు రూపాయల చిల్లరే. కాని ఆ గ్యాస్ కోసం ఇళ్ల, వాహనాల సరఫరా, ఎరువులు వరుసలో ముందున్నాయి. 2021 మార్చిలో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం యూరియా కర్మాగారం నడిచేదీ గ్యాస్‌తోనే. డి6 గ్యాస్ తగ్గినప్పుడు యూరియా సంచికి దొరికిన రక్షణ మోటారు వైరుకు దొరకలేదు. వ్యవసాయం దృష్టితో చూస్తే రెండూ రైతు అవసరాలే గనుక ఆ ప్రాధాన్యాన్ని తప్పు పట్టలేము.

2024లో కేంద్ర ప్రభుత్వం విద్యుత్ చట్టం 11వ సెక్షన్ కింద దేశంలోని గ్యాస్ కేంద్రాలన్నింటినీ నడపవలసిందిగా ఆదేశించింది. ఆ ఆదేశం వర్తించినది మే 1 నుంచి జూన్ 30 వరకు. జాతీయ గరిష్ఠానికి అది సరైన కాలమే. మేళ్లచెరువు వరికి మాత్రం మే 1 నాటికి కోతలు ముగింపుకు వస్తాయి. జాతీయ వేసవి, మన యాసంగి వేర్వేరు క్యాలెండర్లని తెలియజేయడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

విస్తరణ శాస్త్రజ్ఞుల ముందున్న పని

ఉచిత విద్యుత్తు మంచిచెడ్డల చర్చ ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ధర రూపంలో రైతుకు ఏ సంకేతమూ చేరదు కనుక ఆ సమాచారం చేరవలసిన మార్గం విస్తరణ వ్యవస్థేనన్నది మాత్రం గ్రహించాలి.

నాట్ల సమయం అన్నిటికంటే ముఖ్యమైనది. వానాకాలం కోతలు ఆలస్యమై యాసంగి నాట్లు ఫిబ్రవరిలోకి జరిగితే గింజ పాలుపోసుకునే దశ ఏప్రిల్ ఎండల్లోకి, నీటిమట్టం అట్టడుగున ఉన్న రోజుల్లోకి పోతుంది. డిసెంబరులో నారు పోసి జనవరి మధ్యకు నాట్లు ముగించగలిగితే చివరి తడులు తక్కువ లోతు నుంచి, తక్కువ ఎండలో పడతాయి. వానాకాలానికి స్వల్పకాలిక రకాన్ని ఎంపిక చేయమని సూచించడం కూడా, ఈ కోణంలో, మార్చి విద్యుత్తుకు సంబంధించిన సూచనే.

పొలాన్ని తడుపుతూ ఆరబెట్టే పద్ధతిలో నాలుగో వంతు నీరు ఆదా అయితే, 30 మీటర్ల లోతుకు ఎకరానికి సుమారు 250 యూనిట్లు మిగులుతాయి. లక్ష ఎకరాలకు దాదాపు రెండున్నర కోట్ల యూనిట్లు. అయితే ఈ పద్ధతిని రైతు ఎందుకు స్వీకరించడం లేదో కూడా తెలుసుకోవాలి. మరుసటి తడికి బోరు పోస్తుందో లేదో అన్న భయం ఉన్నవాడు పొలంలో నీటిని ఇంకనివ్వడు. కాలువ కింద వారబందీ అమలులో ఉన్నప్పుడు వంతు వచ్చిన రోజు నిండా పెట్టుకోవడమే తెలివైన పని. కలుపు బెడద మరో కారణం. సరఫరా నమ్మకంగా ఉన్న ఫీడర్ల కింద, సొంత బోరు ఉన్న రైతులతో మొదలుపెడితే ఫలితం ఉంటుంది. అందరికీ ఒకే సలహా ఇవ్వడం వృథా ప్రయాస.

మోటార్లను ఉదయం తొమ్మిది నుంచి సాయంత్రం నాలుగు మధ్య నడుపుకోమన్న సూచనకు ఇప్పుడు మంచి ఆధారం ఉంది. ఆ గంటల్లో సౌర విద్యుత్తు చవక. మిట్టమధ్యాహ్నం నీరు పెడితే పైరు దెబ్బతింటుందన్న నమ్మకం కొందరిలో ఉన్నందున ఈ మాట చెప్పే ముందు పొలంలో చేసి చూపాలి. కెపాసిటర్ బిగింపు, అరిగిన పంపు మార్పిడి వంటివి పాత సూచనలే అయినా 45 మీటర్ల లోతులో వాటి విలువ ఒకటిన్నర రెట్లు అవుతుంది.

అంచనాల విషయంలో విశ్వవిద్యాలయం చేయగలిగినది ఇంకా ఉంది. మార్చి కొనుగోళ్లకు డిస్కమ్‌లు కొన్ని నెలల ముందే ఒప్పందాలు చేసుకుంటాయి. అక్టోబరు చివర సాగర్, శ్రీశైలం నిల్వలు, నవంబరు నాటి భూగర్భజల మట్టాలు, జనవరిలో వారం వారం నాట్ల విస్తీర్ణం అనే మూడు సమాచారాలను కలిపి చూస్తే మార్చి భారాన్ని ఉష్ణోగ్రత ఆధారంగా వేసే అంచనాలకంటే మెరుగ్గా చెప్పవచ్చునని భావించడానికి పైన చూపిన లెక్కలు తగిన ఆధారం. ఈ సమాచారం నీటిపారుదల, భూగర్భజల, వ్యవసాయ శాఖల వద్ద విడివిడిగా ఉంది. గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం, కంపాసాగర్ వ్యవసాయ పరిశోధనా స్థానం పరిధిలో స్నాతకోత్తర విద్యార్థులు ఒక వ్యవసాయ ఫీడర్‌ను ఎంచుకొని, దాని కింది ట్రాన్స్‌ఫార్మర్లకు మీటర్లు, నాలుగైదు బోర్లకు నీటిమట్టపు కొలతలు ఏర్పాటు చేసి, జనవరి నుంచి ఏప్రిల్ వరకు రోజువారీగా నమోదు చేయవచ్చు. ఈ వ్యాసంలో 40 శాతంగా తీసుకున్న మోటారు సామర్థ్యం, 1,200 మిల్లీమీటర్లుగా తీసుకున్న వరి నీటి అవసరం మేళ్లచెరువు సున్నపురాయి నేలల్లో ఎంతవరకు సరిపోతాయో అప్పుడు తేలుతుంది. ఒకటి కాలువ నీరు వచ్చిన యాసంగి, మరొకటి రాని యాసంగి అయ్యేలా కనీసం రెండు సీజన్ల కొలతలు అవసరం.